ఖాళీ మైదానంలో దగ్గిన మనిషి

మొన్న అజ్మాన్‌లో మా అమ్మాయి స్కూలు వార్షికోత్సవంలో, ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతుండగా మైకు ఆగిపోయింది. ఆవిడ పెదవులు ఇంకా కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. హాలు నిండా తల్లిదండ్రులు. ఏమైందో తెలియక అందరూ ఒక్క క్షణం ఊరుకుండిపోయారు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఎవరి గాజులో గలగలమని, చేత్తో పట్టుకున్నట్టుంది, టక్కున ఆగాయి. వెనక వరసలో ఒక పసిపిల్లకి ఎక్కిళ్ళు. నా ఒళ్ళు జలదరించింది. మా ఆయన నా వైపు వంగి, "చలేస్తోందా? ఏసీ కింద కూర్చోవద్దని చెప్తూనే ఉన్నాను" అన్నాడు. చలి కాదు. మనుషులు నిండి ఉన్న చోట నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని వినడం నాకు నేర్పిన మనిషి పేరు డెక్లన్.

డెక్లన్ మా ముదీర్. దుబాయ్‌లో పైవాణ్ణి ఎవరినైనా అలాగే అంటాం. ఐర్లండ్ ఆయన. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, రంగుల గోడౌనుకీ తలుపుల ఫ్యాక్టరీకీ మధ్య ఒక చిన్న సౌండ్ స్టూడియో నడిపేవారు. నేను హైదరాబాదులో డబ్బింగ్ థియేటర్లో పనిచేసి వచ్చినదాన్ని, పని నాకు కొత్త కాదనే పొగరు కొంచెం ఉండేది. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవారు కానీ ఆయన మాటలు నాకు గుర్తొచ్చేది తెలుగులోనే, ఏం చేయను. నా దగ్గర ఆయన నేర్చుకున్న తెలుగు "అయ్యయ్యో" ఒక్కటే. దాన్ని మాత్రం ఎప్పుడూ సరైన చోటే వాడేవారు. మా ఇద్దరికీ తోడు మస్తాన్ అని నెల్లూరాయన, నాకన్నా చిన్నవాడు. కేబుళ్ళ దగ్గర్నుంచి కారు నడపడం దాకా అన్నీ అతనే చూసుకునేవాడు.

2020లో ఎండలు ముదరకముందే ఊరు ఊరంతా మూతపడింది. నేను అజ్మాన్‌లో ఇంట్లో, మస్తాన్ సత్వాలో తన గదిలో, డెక్లన్ మాత్రం స్టూడియోలోనే పరుపు వేసుకుని ఉండిపోయారు. ఒకరోజు మస్తాన్ ఫోన్ చేశాడు. "అక్కా, మసీదులో బాంగు విన్నావా? ఇళ్ళల్లోనే నమాజు చేసుకోమంటుండారు. మసీదే రావద్దంటే ఇంక యాడికి పోయేది?" అన్నాడు. అతని గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజుల్లోనే డెక్లన్ వాళ్ళ నాన్న ఐర్లండ్‌లో ఆస్పత్రిలో కరోనాతో పోయారు. విమానాలు లేవు. అమ్మగారికి కూడా జబ్బు సోకి వేరే వార్డులో ఉన్నారు. పెట్టె మూసేశారు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వానలో దూరం దూరంగా నిలబడ్డ కొద్దిమంది బంధువులను డెక్లన్ ఫోన్లో చూశారు, అంతే. నేను పరామర్శించబోతే, "పని మొదలయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు, వాయిదా వేసిన మీటింగు గురించి చెప్పినంత మామూలుగా. వాళ్ళ వైపు పోయిన మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టి, ఊరంతా వచ్చి పక్కన కూర్చుని, టీలు తాగి, ఆయన చేసిన అల్లర్లు చెప్పుకుని నవ్వి మరీ సాగనంపుతారట. ఈయనకు అవేవీ దక్కలేదు.

అమ్మగారు కోలుకుని ఇంటికి చేరారు. చేరాక ఆవిడ అన్న మాట ఒక్కటే. "నేను చూడలేదు." ఎవరెన్ని చెప్పినా అదే. మీరు పోయాడంటున్నారు, నేను చూడలేదు. మతి పోయి కాదు, ఆవిడకు లెక్కలన్నీ సరిగ్గానే గుర్తున్నాయి. కానీ భర్త చెప్పుల మీద దుమ్ము దులిపి మళ్ళీ గుమ్మం దగ్గరే పెట్టేవారట, తిండి మాత్రం సరిగ్గా తినడం లేదట. డెక్లన్‌కు ఉన్న దిగులల్లా అదే. ఆయన పోయాడని ఈవిడ ఎప్పటికీ నమ్మదు, నమ్మకపోతే ఈవిడా మిగలదు.

వేసవిలో స్టూడియో మళ్ళీ తెరిచాం. డెక్లన్ వాళ్ళ ఊళ్ళో పేరున్న రగ్బీ జట్టు ఒకటుంది. మనకు క్రికెట్ ఎలాగో వాళ్ళకు ఆ కోడిగుడ్డు ఆకారం బంతి అలాగ. మార్చిలో ఆగిపోయిన సీజను ఇప్పుడు మొదలుపెడుతున్నారు కానీ మైదానానికి తాళం, చూసేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఖాళీ మైదానంలో ఆట టీవీలో వింటే, మూసిన గదిలో ఎవరో సామాను సర్దుతున్నట్టు ఉంది. జనం హోరు కలపమని టీవీవాళ్ళు పని మాకిచ్చారు. ఎందుకంటే డెక్లన్ ఏటా సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ మైదానంలో జనాన్ని రికార్డు చేసి దాచుకున్నారు. నేను తెర మీద ఆట చూస్తూ మీటలు నొక్కాలి. ఒకదానికి గుసగుస, ఒకదానికి నిట్టూర్పు, ఒకదానికి కేరింత. మొదటిసారి హోరు మీట నొక్కినప్పుడు పక్క గోడౌను కాపలాదారు పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. గుంపు కూడితే జరిమానా ఉన్న రోజులవి. "అందర్ కిత్నే ఆద్మీ హైఁ?" అని, లోపల ఎంతమంది ఉన్నారో అడిగాడు. "ఒక ఊరు భాయ్" అన్నాడు మస్తాన్. అతను లోపలికి తొంగిచూశాడు. మాస్కులేసుకుని మేం ముగ్గురం, ఖాళీ గోడలు. హోరు ఇంకా ఆగలేదు. ఆ మనిషి ఏదో దువా గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎప్పుడూ మా వైపు రాలేదు. నవ్వాం కానీ, ఆ తర్వాత ఆ మీట ఒంటరిగా ఉన్నప్పుడు నొక్కడానికి నాకూ జంకే.

సాధన చేస్తున్నప్పుడు ఎదుటి జట్టువాడు బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడానికి సిద్ధమవుతున్నాడు. నేను గోల పెట్టేశాను. మనవాళ్ళయితే అంతేగా, ప్రత్యర్థి బ్యాటు పట్టుకుంటే చెవులు చిల్లులు పడేలా అరుస్తాం. డెక్లన్ ముఖం మాడ్చుకుని, "ఎవరు వాళ్ళు అరుస్తున్నది?" అన్నారు.

"మీ వాళ్ళే."

"మా వాళ్ళు అప్పుడు అరవరు. బంతి పెట్టి నిలబడ్డాడంటే మైదానమంతా నోరు మూసుకుంటుంది. మనవాడైనా సరే, శత్రువైనా సరే."

సరేనని శబ్దం మొత్తం తగ్గించి సున్నా చేశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అయ్యయ్యో, అందరినీ చంపేశావు" అన్నారు. తమాషాకి అనలేదు. హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి పాత రికార్డింగు ఒకటి వినిపించారు. ముందు నాకేమీ వినపడలేదు. తర్వాత వానకోట్లు ఒరుసుకోవడం, ఎవరో చిల్లర జేబులో వేసుకోవడం, దూరంగా పిల్లవాడు ఏదో అడగబోతే తల్లి ఉష్ అనడం. వేలమంది ఊపిరి బిగపట్టి ఉన్నారు. "లేనివాళ్ళ నిశ్శబ్దం కాదు నాకు కావలసింది. ఉండి ఊరుకున్నవాళ్ళది కావాలి" అన్నారు. ఇన్నేళ్ళ నా పనితనం అప్పుడు నాకే చిన్నదిగా కనిపించింది.

ఆ నిశ్శబ్దాలను శుభ్రం చేస్తూ కూర్చున్నప్పుడు దొరికింది ఆ దగ్గు. మైకుకి బాగా దగ్గరగా, రెండు పొడి దగ్గులు. ఇంకో ఏడాది రికార్డింగులో చూశాను, అక్కడా ఉంది. మరో ఏడాదిలోనూ ఉంది. ఆటగాడు బంతి వైపు మొదటి అడుగు వేయబోయే ముందు, సరిగ్గా అదే మనిషి, అవే రెండు దగ్గులు. కోసేస్తానని చెప్పాను. "ఈ రోజుల్లో దగ్గు వినిపిస్తే జనం టీవీ దగ్గర్నుంచి కూడా దూరం జరుగుతారు" అన్నాను.

"దాన్ని ఉండనీ" అన్నారు డెక్లన్.

"ఎందుకండీ? ప్రతిసారీ అదే దగ్గు వస్తే అతికించామని తెలిసిపోతుంది."

"మా నాన్నది. ఆయన ఎప్పుడూ మైదానం అంచున కమ్మీ దగ్గరే నిలబడేవారు. మైకు ఆ కమ్మీకే కట్టేవాణ్ణి. ఊపిరి బిగబట్టలేక చివర్లో దగ్గేవారు, అమ్మ ఎప్పుడూ తిట్టేది." హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, "అమ్మ వింటుంది. విననీ. ఒక ముద్ద తింటుందేమో" అన్నారు.

కోయడానికి పెట్టుకున్న గుర్తు చెరిపేశాను.

మొదటి మ్యాచ్ రోజు సాయంత్రం తన్నే ఘట్టం వచ్చింది. నిశ్శబ్దం మీట నొక్కాను. తెర మీద తడిసిన ఖాళీ మెట్లు, ఒక్క ప్రాణి లేదు. ఆ ఖాళీలోంచి రెండు దగ్గులు. మస్తాన్ నా వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆట అయిపోగానే అమ్మగారి ఫోన్. డెక్లన్ స్పీకర్‌లో పెట్టారు. సన్నటి, హుషారైన గొంతు. "మీ నాన్న ఆటకొచ్చాడు. దగ్గు ఇంకా తగ్గలేదు, మఫ్లరు చుట్టుకోమని చెప్పు."

"అమ్మా, ఆ జనాన్ని మేమే ఇక్కడ కలుపుతున్నాం, చెప్పాను కదా."

"జనాన్ని నువ్వు కలిపావేమో. ఆయన మాత్రం ఆయనే."

ఆ రాత్రి ఆవిడ కడుపునిండా తిన్నారట. పక్కింటావిడ చెబితే డెక్లన్ పొంగిపోయారు. తర్వాత ప్రతి మ్యాచ్‌కీ అదే వరస. ఆవిడ రెండు పళ్ళేలు పెట్టడం మొదలుపెట్టారు. వీధి తలుపు గడియ వేయడం మానేశారు. నాకు లోలోపల పీకుతూనే ఉంది. అప్పటికి విమానాలు తిరుగుతున్నాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మీరే ఒకసారి వెళ్ళి రావచ్చు కదా?" ఆయన మీటల మీద దుమ్ము తుడుస్తూ, "వెళ్తే ఆ ఇంట్లోకి అడుగు పెట్టాలి కదా, పద్మా" అన్నారు. అప్పుడు అర్థమైంది, చూడనిది ఆవిడొక్కతే కాదు. ఈయన కూడా మ్యాచ్ మ్యాచ్‌కీ వాళ్ళ నాన్నను వినడానికే వస్తున్నారు. మీట నొక్కి ఆయన్ని రప్పిస్తున్నది నేను. నాకు భయం వేసింది, నిజంగా వేసింది.

చలికాలంలో ఒక మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే పక్కింటావిడ ఫోన్ చేసింది. మైదానం వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతలే. దగ్గు వినగానే అమ్మగారు టీవీ కట్టేసి, మఫ్లరు పట్టుకుని బయల్దేరారట. తాళం వేసిన గేటు దగ్గర వానలో నిలబడ్డారు. లోపల చూసేవాళ్ళెవరూ లేరమ్మా అని కాపలావాడు చెబితే, "ఇప్పుడే విన్నాను, లోపలే ఉన్నాడు, ఆట అయ్యాక వస్తాడు" అని కదలలేదట. పక్కింటావిడ వెళ్ళి తీసుకొచ్చేసరికి నీలుక్కుపోయి ఉన్నారు. కప్పుకున్న దుప్పట్లోంచి కూడా అడుగుతున్నారట, గేటు ఎందుకు తెరవలేదని.

డెక్లన్ మర్నాడు ఆ రికార్డింగు తెర మీద పెట్టుకుని పొద్దంతా కూర్చున్నారు. చెయ్యి మౌస్ మీద ఉంది, కదలలేదు. చివరికి కుర్చీ నా వైపు తోసి, "నువ్వు చెయ్యి. నా వల్ల కాదు" అన్నారు. బయటికి వెళ్ళి తలుపు దగ్గర ఎండలో నిలబడ్డారు. నేను కోశాను. ప్రతి నిశ్శబ్దంలోంచీ ఆ రెండు దగ్గులూ తీసి, ఆ చోట వాన చప్పుడు అతికించాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరి గొంతో నొక్కుతున్నట్టే ఉంది. అయిపోయాక మస్తాన్ "ఖలాసా అక్కా?" అన్నాడు. నేను తలూపాను.

తర్వాతి మ్యాచ్. బంతి పెట్టారు. నిశ్శబ్దం. వానకోట్లు ఒరుసుకున్నాయి, చిల్లర గలగలమంది, పిల్లవాణ్ణి తల్లి ఉష్ అంది. బంతి లేచింది. అంతే. ఆట ముగిసినా ఫోన్ రాలేదు. డెక్లన్ లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నారు. చాలాసేపటికి మోగింది, ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"ఇవాళ మీ నాన్న రాలేదు" అన్నారు అమ్మగారు.

డెక్లన్ ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నారు.

"ఒంట్లో జ్వరం ఉన్నా ఆటకు పోయేవాడు. నన్ను ప్రసవానికి చేర్చి కూడా పోయాడు. రాలేదంటే..." ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "పోయాడన్నమాట."

"అవునమ్మా" అన్నారు డెక్లన్. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నేను వినడం అదే మొదటిసారి.

"ఏ చొక్కా తొడిగారు?"

"తెలీదమ్మా. నన్నెవరూ అడగలేదు."

"నన్నూ అడగలేదు" అన్నారావిడ. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఆమె అక్కడ, ఈయన నా పక్కన మీటల బల్ల మీద తల ఆనించి, నడివయసు మనిషి, పిల్లాడిలాగా. స్పీకరు కట్టేయాలని కూడా మాకు తోచలేదు. ఏడుపు తెరిపిన పడ్డాక అమ్మగారు, నీలం గళ్ళ చొక్కా అయితే బాగుండేదని, అది బీరువాలోనే ఉందని చెప్పారు. డెక్లన్ ఆ వారమే టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయారు. స్టూడియో వేరేవాళ్ళ చేతికి పోయింది. ఆయన మళ్ళీ రాలేదు.

మరుసటి వేసవిలో మన దేశంలో జబ్బు ఇంకా ఘోరంగా విరుచుకుపడ్డప్పుడు, నెల్లూరులో మస్తాన్ వాళ్ళమ్మ పోయింది. అతను వెళ్ళలేకపోయాడు. నేను సత్వాలో అతని గదికి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని టీవీ రిమోటు బాగుచేస్తున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. "అమ్మకి బాగలేదంటుండారు అక్కా, చూద్దాం" అన్నాడు, ఇంకా ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు. గదిలోవాళ్ళు నా వంక చూశారు, ధైర్యం చెప్పమన్నట్టు. డెక్లన్ వాళ్ళమ్మ చొక్కా గురించి అడిగిన రోజు నుంచి ధైర్యం చెప్పడం మానేశాను. ఇప్పటికీ ఎవరింట పోయినా నేను అడిగేది అలాంటిదే.

"మస్తాన్, అమ్మకి చివరి స్నానం ఎవరు చేయించారు?"

రిమోటు అతని చేతిలోనే ఉండిపోయింది. "మా చిన్నక్క" అన్నాడు. "వద్దంటున్నా ఇనకుండా చేయించిందంట. జుట్టు దువ్విందంట అక్కా. అమ్మకి అంత జుట్టు..." రిమోటు పక్కన పెట్టి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.