నా చేతిలో నడిచిన కోడె

పొద్దున నా మనవరాలు తడి గోనెసంచి విప్పి బీడీల ఆకు తీసింది. ఆ పచ్చి వగరు వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడ కొట్టుకుంటుంది.

రాయికల్‌లో మా చిన్నప్పుడు ఎండాకాలమంతా ఆ వాసనే. పేడతో అలికిన చల్లని పంచలో ఆడవాళ్లు ఒడిలో చేటలు పెట్టుకొని, వేళ్ల వైపు చూడకుండానే బీడీలు చుడుతూ, మక్కగుగ్గిళ్లు నములుతూ నాయనమ్మ కథలకు ఊ కొట్టేవాళ్లు. ఆమె కథల్లో మంచివాళ్లెవరో తేల్చేది వేములవాడ కోడె. మొక్కు తీర్చుకోవడానికి గుడి చుట్టూ తిప్పే ఆ ఎద్దు, అబద్ధమాడినవాళ్లు పగ్గం పట్టుకుంటే మోకాళ్ల మీద కూలబడి అరుస్తుందట. మేం దాన్ని కథ అనుకోలేదు.

ఒకనాడు బొమ్మకు చీర చేద్దామని అవ్వ, అంటే మా అమ్మ, తడిపిపెట్టిన ఆకంతా కత్తెరతో పీలికలు చేశాను.

“ఎవలే గీ ఆకు ఖరాబు జేసింది?”

“రాజవ్వ,” అన్నాను.

రాజవ్వ మా పెద్దనాయన బిడ్డ, నా ఈడుది, తల్లి లేని పిల్ల. “నేను గాదు చిన్నమ్మా, నీ కాళ్లు మొక్కుత,” అంటున్నా వినకుండా అవ్వ చీపురు తిరగేసి కొట్టింది.

ఆ నెలలోనే వేములవాడ పోయాం. అవ్వ పగ్గం తెచ్చి నా చేతిలోనే పెట్టింది. అరచేతులు చెమటతో జారాయి. కోడె కాళ్ల వైపు తప్ప ఎటూ చూడలేకపోయాను. పక్కన రాజవ్వ కూడా ఆ కాళ్లనే చూస్తోంది. ఈ రోజు కోసమే అది ఏడుపు ఆపుకుందని అప్పుడు అర్థమైంది.

కోడె మెత్తగా, తోక ఊపుకుంటూ, ఎక్కడా ఆగకుండా గుడి చుట్టూ నడిచింది.

రాజవ్వ ముఖం పాలిపోయింది. “అయితే నేనే కోసిన్నేమోనే. నాకే యాదికి లేదేమో,” అంది.

కోడె భయం పోయి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. నేను చెబితే తప్ప ఇక నిజం తెలిసే దారి లేదు. చెప్పలేదు.

యాభై దాటాక కోరుట్లలో అక్షరాలు నేర్చుకొని దొరికిన కథల పుస్తకమల్లా చదివాను. చెడ్డవాడు చివరి పేజీకల్లా దొరికిపోతాడు. రాసేవాళ్లు ఇంకా ఆ కోడెనే నమ్ముతున్నారు. నన్నడిగితే, ఎవరూ పట్టుకోరని తెలిశాక కూడా చెప్పినవాడే మంచివాడు. అట్లాంటివాణ్ని రాయండి, చదువుతాను.

రాజవ్వ సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటికి కోడలైంది. ప్రతి పెళ్లిలో పిల్లలకు చెప్పి నవ్వేది: “నేను మస్తు లంగనే, దొంగనే. ఆకంతా ఖరాబు జేసి, నేను గాదని కాళ్లు గూడ మొక్కిన.” పక్కన కూర్చొని నేనూ నవ్వేదాన్ని.

మొన్న వానకాలం రాజవ్వ పోయింది. కర్మ నాడు బంతిలో దాని మనవలు ఆ ముచ్చటే చెప్పుకొని నవ్వారు. చెబుదామని తలెత్తాను.

“ఇంకింత బువ్వ ఏయాల్నా, అమ్మమ్మా?” అంది దాని మనవరాలు.

“ఏయి బిడ్డా,” అన్నాను.