యాభై రెండు పేజీలు, ఒక్క ఒత్తు

గురురాజారావు చదవకుండా దేనిమీదా సంతకం పెట్టడు. ఈ ఒక్క గుణం పక్కన పెడితే ప్రొద్దుటూరులో ఆయనంత మెత్తటి మనిషి లేడని జెరాక్స్ అంగడి దస్తగిరి ఎవరి ముందైనా చెప్తాడు. పక్కన పెట్టడానికి మాత్రం ఆ గుణం ఒప్పుకోదు.

జమ్మలమడుగులో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి ఆయన. ఒకసారి లింగాల బస్సెక్కి పులివెందులలో దిగాల్సినవాడు, టికెట్టు వెనకున్న చిన్నచ్చు చదువుతూ లింగాలలో తేలాడు. కండక్టరు కేకలేస్తే, "నువ్విచ్చిన కాగితమే గదప్పా నేను సదువుతాండేది" అన్నాడు. పెళ్లిపీటల మీద 'నాతిచరామి' అనమంటే, దానికి మినహాయింపులు ఏమన్నా ఉన్నాయా అని పురోహితుణ్ణి అడిగాడు. ముహూర్తం దాటిపోతుందని పెళ్లికూతురు జయలక్ష్మి మోచేత్తో పొడిస్తే తప్ప అనలేదు. "ఏంజేస్తాం నాయనా," అంటుంది ఆమె దస్తగిరితో, "అన్నాక మాత్రం ఒక్కనాడూ తప్పలేదులే."

మొదట్లో వీధి నవ్వేది. నీళ్ల ఫిల్టరు సంగతి జరిగాక నవ్వడం మానేసింది. టై కట్టుకున్న మనిషొకడు ఊరికే ఫిల్టరు బిగిస్తానంటే ఊరగాయల రాజమ్మ గురురాజారావుకు చూపించకుండా గబగబా వేలిముద్ర వేసింది. ఎవరొచ్చి అడిగినా ఆ ఫిల్టరు నీళ్లు తాగించి చూపిస్తానని ఆ కాగితంలో ఉంది. ఏడాది పొడుగునా చాపాడు నుంచి, చెన్నూరు నుంచి ముక్కూ మొహం తెలియని జనం వచ్చి ఆమె నట్టింట్లో కూచుని నీళ్లు తాగిపోయారు. ఒకాయన ఊరగాయ నాకి రెండో గ్లాసు కూడా అడిగాడు. అప్పట్నుంచి వీధిలోకి ఏ కాగితం వచ్చినా గురురాజారావు గురించి ఒకటే ప్రశ్న: "సామి సదివినాడా?"

అట్లాంటి వీధిలో ఒక సోమవారం పొద్దున అందరి ఫోన్లలో ఒకేసారి ఒక డబ్బా ప్రత్యక్షమైంది. 'ముచ్చట' అనే యాప్ షరతులు మారాయట. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల 'అంగీకరిస్తున్నాను' అని ఒత్తాలి. లేకపోతే ఆ తర్వాత ఒత్తేదాకా అది తెరుచుకోదు.

గురురాజారావు హడావిడిలో ఒక కాలికే చెప్పు వేసుకుని అంగడికి వచ్చాడు.

"దస్తగిరీ, ఈ షరతులన్నీ అచ్చు తియ్యి."

మిషను యాభై రెండు పేజీలు కక్కి వేడెక్కింది.

"ఒత్తితే అయిపాయె గదా సామీ?"

"ఒత్తితే ఏమైపాయెనో తెలుసుకోవాల గదప్పా."

సామి చదివి చెప్పేదాకా వీధిలో ఎవరూ ఒత్తరని దస్తగిరికి తెలుసు. దస్తగిరి కూతురు ఫరహత్ పురిటికి వచ్చి ఉంది. ఇవాళో రేపో. అల్లుడు ఆరిఫ్ కువైట్‌లో, పనివాళ్ల క్యాంపులో ఉన్నాడు. అక్కడ వీడియో కాల్ పలికేది 'ముచ్చట' ఒక్కదాంట్లోనే. "బిడ్డ పుట్టిన నిమిషానికి నాకు చూపించాల మామా" అని నెల రోజులుగా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి గుర్తు చేస్తున్నాడు.

మంగళవారానికి గురురాజారావు పంతొమ్మిదో పేజీకి చేరాడు. అంగడి బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"దొరికిందప్పా! మనం పెట్టే ఫోటోలు వాళ్లు వాళ్ల యాపారానికి వాడుకుంటారంట."

టీ తెచ్చిన సకీనా, దస్తగిరి భార్య, గ్లాసు చేతిలోనే పెట్టుకుని ఆగిపోయింది. "ఏందీ? నా మనమరాలో మనమడో, ఆ మొగాన్ని డైపర్ డబ్బా మీద ఏసుకుంటారా?"

"ఏసుకోరని యాడా రాయలేదమ్మా."

"అయితే ఒత్తేది లేదు! ఈ ఇంట్లో ఎవురు ఒత్తినా వాళ్లకి కూడు లేదు!"

"యాప్ వదిలేస్తే ఆరిఫ్ బిడ్డను ఎట్ల చూస్తాడే?" అన్నాడు దస్తగిరి.

"మొగం డబ్బాకెక్కితే ఊరంతా చూస్తాది, పో!"

దస్తగిరి గురురాజారావు గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. "ఉండాల్నో పోవాల్నో ఒక మాట చెప్పు సామీ, నీకు దండం పెడతా."

"యాభై రెండు పేజీలు సదివినాకనే చెప్తా. సదవకుండా ఉండేది ఎంత తప్పో, సదవకుండా పోయేదీ అంతే తప్పు."

శుక్రవారం పొద్దున్నే ఫరహత్‌కు నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి అందరూ ఆటోలో వచ్చారు. గురురాజారావు వెనకాలే కాగితాల కట్టతో నడిచి వచ్చి, పురిటిగది ముందు బెంచీ మీద సర్దుకున్నాడు. దస్తగిరి గది తలుపు దగ్గరికి ఒకసారి, బెంచీ దగ్గరికి ఒకసారి పరుగు.

"యాడిదాకా వచ్చింది సామీ?"

"ఇరవై ఎనిమిది. ఒక్కో వాక్యం పెన్నా నది మాదిరి పారతాంది, తుద కనపడ్డంలేదు."

నర్సు శిల్ప తల బయటపెట్టి, "ఇంకా టైముంది" అని తలుపేసుకుంది.

"ఆడ ఇంకా టైముందంట," దస్తగిరి మళ్లీ బెంచీ దగ్గరికి వచ్చాడు, "నువ్వన్నా తొందరగా కానియ్యి సామీ!"

నాలుగు గంటలు కొట్టింది. ముప్పై ఒకటో పేజీ. వరండాలో అందరి ఫోన్లలో 'ముచ్చట' తలుపు మూసుకుంది. నాలుగూ ఇరవైకి లోపల్నుంచి ఒక కేక వినిపించింది, వరండా దద్దరిల్లేటట్టు.

"ఆడబిడ్డ!" అంది శిల్ప.

దస్తగిరి ఎగిరాడు. సకీనా ఏడ్చింది, నవ్వింది, శిల్ప బుగ్గలు పుణికింది. ఫోన్ తీసి చూస్తే అదే డబ్బా. దస్తగిరి బొటనవేలు దాని మీదికి పోయింది. సకీనా ఆ వేలిని పట్టుకుంది.

"డైపర్ డబ్బా!"

"ఆరిఫ్ చూడొద్దా!"

వేలు అటూ ఇటూ ఊగుతుండగా గురురాజారావు లేచాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తన ఫోన్ తీశాడు. ఒత్తాడు.

దస్తగిరి నోరు తెరిచాడు. "సామీ! ఇంకా ఇరవై ఒక్క పేజీలు..."

"ముప్పై ఒకటో పేజీలో ఉందప్పా, వీడియో కాల్‌లో బొమ్మలు వాళ్లు దాచుకోరు. బిడ్డకు భయం లేదు. ఆ పైన ఒత్తినోనికి ఏం మూడుతాదో నాకూ తెలీదు. తెలీనిదాంట్లోకి మిమ్మల్ని దించను. నేను దిగినా. ఆరిఫ్ నెంబరు చెప్పు!"

కువైట్‌లో సెలవురోజు. తెర మీద ఆరిఫ్, అతని వెనక మంచాల మీద నుంచి ఎగబడుతున్న ఎనిమిది తలకాయలు.

"నా ముక్కు! మామా, నా ముక్కే!"

"ముక్కొక్కటే," అంది సకీనా, "మిగతాదంతా మా వైపు!"

ఎనిమిది మందీ ఈల వేశారు. బిడ్డ ఆవలించింది. ఇంకోసారి ఈల వేశారు.

ఆ సందడిలో బెంచీ మీది కాగితాలు కిందపడ్డాయి. ఏరుతున్న దస్తగిరి చేతులు నెమ్మదించాయి. చదివిన ప్రతి పేజీ అంచునా ఎర్ర పెన్సిల్ రాత. తొమ్మిదో పేజీ: 'రాజమ్మ ఊరగాయల ఫోటోలు, ఇబ్బంది లేదు.' పదమూడు: 'ఫణికుమార్ అయ్యవారి బడిపిల్లల గ్రూపు, జాగ్రత్త చెప్పాలి.' పంతొమ్మిది: 'ఫరహత్ బిడ్డ', కింద మూడు గీతలు. ఆ రాతల్లో పేరు లేని ఇల్లు వీధిలో లేదు, ఒక్కటి తప్ప.

"నీ పేరు యాడ సామీ?"

"నాకేముందప్పా?" కళ్లజోడు మళ్లీ తగిలించుకున్నాడు గురురాజారావు. "ఈ మొగాన్ని ఏ డబ్బా మీద ఏసుకుంటారు? ఇట్లియ్యి, ముప్పై రెండోది."

పొద్దు గుంకేలోపు అదే బెంచీ మీద మిగతావన్నీ ముగించాడు. నలభై ఏడో పేజీలో, ఆరో వరసలో, ఫోటోలు వాడుకోవద్దని చెప్పే మీట ఎక్కడుందో రాసి ఉంది. "పోవాల్సిన పన్లేదు, ఉండొచ్చు!" అని అరిచాడు. మర్నాడు ఇంటింటికీ తిరిగి ఆ మీట తనే తిప్పి, ఆ తర్వాతే వీధిచేత ఒత్తించాడు. సకీనా రెండుసార్లు ఒత్తింది, గట్టిగా ఉంటుందని.

చివరికి గురురాజారావు జెరాక్స్ అంగడికి వచ్చి తను రాసిన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "సాక్షి సంతకం పెట్టప్పా."

"నీకు పెట్టకపోతే ఎవురికి పెడతా సామీ!" దస్తగిరి పెన్ను తీశాడు.

గురురాజారావు కాగితాన్ని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"సదివి పెట్టు!"

దస్తగిరి చదివాడు: 'ప్రొద్దుటూరు వాస్తవ్యుడు గురురాజారావు అను నేను, ఎవరి బలవంతమూ లేక, పూర్తి సంతోషంతో, ఇరవై ఒక్క పేజీలు చదవక ముందే ఒత్తితిని. కారణం: ఆడబిడ్డ. ముక్కు నాయనది.'

రెండోసారి కూడా చదివి, అప్పుడు పెట్టాడు సంతకం.