శాలువా పళ్లెం

వర్తూరులో మా వీధి చివరి కల్యాణ మంటపంలో ఆ ఆదివారం జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కేంద్రం తెచ్చిన కొత్త నేర చట్టాలకు నగర పెద్దలంతా మద్దతు పలకాలని సభ పెట్టారు. వేదిక మీద కుర్చీలన్నీ మగవాళ్లవే. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన సన్మానానికి శాలువా, గంధపు మాల, మైసూరు పేటా తలపాగా ఉన్న పళ్లెం పట్టుకోవడానికి మాత్రం ఆడపిల్ల కావలసి వచ్చింది. నోరు విప్పని దాన్నని నన్ను నిలబెట్టారు.

మా వార్డు నాయకుడు మైకు అందుకున్నాడు.

"ఇంక మా హద్దు కాదు అనేకి లేదప్పా! యా స్టేషన్‌కి పోయినా కంప్లైంట్ రాసుకోవాల్సిందే. ఆడబిడ్డలకి ఇంక భయం లేదు!"

చప్పట్లు. ఆ వారంలోనే, రోజూ బండి మీద వెంటపడే ఒకడు చెరువు గట్టు దారిలో మా అక్క చున్నీ పట్టి లాగాడు. కిందపడి ఆమె మోచెయ్యి చీరుకుపోయింది. స్టేషన్‌కు వెళితే, ఆ దారి తమ హద్దులోకి రాదని పంపేశారు. ఆ సాయంత్రం ఇదే నాయకుడు మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "పోనీలేమ్మా, పెండ్లి కావాల్సిన పిల్ల. స్టేషన్‌లో పేరెందుకు?" అని హితవు చెప్పి వెళ్లాడు. అక్క భయంతో పని మానేసింది. కుందలహళ్ళిలో ఆమె బిల్లులు కొట్టే హోటల్ వాళ్లు వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

అక్క వెనక వరసలోంచి లేచింది. మోచేతికి కట్టు అలాగే ఉంది.

"అన్నా, స్టేషన్ పక్కనే ఉండాది కదా. ఇప్పుడే పోదాం రాండి."

ఎవరో నవ్వారు. "సన్మానం అయిపోనీ తల్లీ, పెద్దాయన కాచుకోనుండాడు" అంటూ నాయకుడు శాలువా కోసం నా వైపు చెయ్యి చాపాడు.

నేను శాలువా అందివ్వలేదు. పళ్లెంతో సహా మెట్లు దిగి, అక్కను వెంటబెట్టుకుని బయటికి నడిచాను.

స్టేషన్‌లో పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాయకుడు రొప్పుతూ వచ్చాడు.

"ఏం పిల్లవే నువ్వు! ఆడ పెద్దాయన బోడి తలతో కూర్చోనుండాడు, పేటా ఇయ్యి!"

"రాసుకోమని చెప్పన్నా, ఇస్తాది" అంది అక్క.

ఆయన ఎస్సై వైపు తిరిగాడు. "బేగ రాసుకోండి సార్."

రాసుకున్నారు. కాపీ అక్క చేతిలో పడ్డాకే పళ్లెం వదిలాను. ఆమె ఏడ్చి అడిగినప్పుడు కదలని పెన్ను, ఒక తలపాగా కోసం కదిలింది.

తిరిగి వస్తుంటే మంటపంలోంచి మళ్లీ చప్పట్లు. పేటా పెట్టినట్టున్నారు. మర్నాడు అక్క పనికి బయలుదేరింది. గట్టు దారి దాటేదాకా నేనూ వెంట నడిచాను.