జోరు పార్టీ, నాజూకు పార్టీ

మొన్న పరకాలలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. చర్చిలో ప్రార్థన అయి, ఉంగరాలు మార్చుకుని, అందరం భోజనాల దగ్గరికి వచ్చేసరికి డీజే మొదలుపెట్టారు. ఆ స్పీకరు పెట్టెల ముందు కూర్చుంటే పళ్ళెంలోని మెతుకులు కూడా అదురుతున్నాయేమో అనిపించింది. నా పక్క కుర్చీల్లో ఒక అబ్బాయీ అమ్మాయీ కూర్చున్నారు. పాటంటే ఇట్లా వచ్చి గుండెకు తగలాలని వాడు, ఇది పాట కాదు లొల్లి, అసలు పాట చెవి దగ్గర గుసగుసలాడినట్టుండాలని ఆ పిల్ల, ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ వాదించుకుంటున్నారు. నా ఈడు వాళ్ళంతా చెవులు మూసుకుని బయటికి వెళ్ళిపోయారు గానీ నేను కదల్లేదు. ఇష్టమై కాదు, ఓపిక లేకా కాదు. కొంతకాలంగా నాకు ఏదీ ఇష్టంగానూ ఉండడం లేదు, కష్టంగానూ ఉండడం లేదు. ఈ వాదన ఎక్కడో విన్నాననిపించి, ఆ తర్వాత విన్నది కాదు, నేను చేసిందే కదా అని గుర్తొచ్చి, పెరుగన్నం ముందు పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

డెబ్భైల మధ్యలో మేము కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న పోయాక అన్నా వదినలే ఇంటికి పెద్దదిక్కు. అన్న రైలు ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్, నేను ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన టీచరమ్మను. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని కనుక సంగీతం నాకే తెలుసునని లోలోపల కాస్త పొగరు. ఇప్పుడు దాచడమెందుకు, కాస్త కాదు, దండిగానే ఉండేది. మా వరుసలో చివరి క్వార్టరు గార్డు అంకుల్‌ది. ఆయన ఆంగ్లో ఇండియన్, ఒంటరి మనిషి, సెలవు పెట్టి బొంబాయిలోని చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా ఇంగ్లీషు రాక్ రికార్డులు చంకన పెట్టుకుని వచ్చేవాడు. పెట్టె మూతే స్పీకరుగా ఉండే రికార్డు ప్లేయరు ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక అంకుల్, అన్న, నేను, అన్న స్నేహితుడైన బుకింగ్ క్లర్కు ఒకాయన, నలుగురం ఆ పెట్టె చుట్టూ చేరేవాళ్ళం. ఆ క్లర్కుగారే తర్వాత నాకు పెనిమిటి అయ్యారు, అది వేరే కథ. ఆ నల్లటి పళ్ళెం మీదికి ముల్లు దింపేటప్పుడు ఊపిరి బిగబట్టడం మన తరంవాళ్ళకు నేను చెప్పాలా?

అంకుల్ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రికార్డు ఒకవైపు అయిపోగానే ముల్లు ఎత్తి పక్కన పెట్టి, ఆ పాటల్లో తాము విన్న ఒక్క సంగతి ఒక్కొక్కరూ చెప్పాలి, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పగూడదు. చెప్పలేనివాళ్ళు వెళ్ళి అందరికీ చాయ్ పెట్టుకు రావాలి. ఆ తర్వాతే వాదన. మా వాదన చాలావరకు రెండు రికార్డుల మీదనే తిరిగేది. రెండూ ఒకే బృందం చేసినవే. నల్ల అట్టది మొదట వచ్చింది, మొదలుపెడితే చివరిదాకా డ్రమ్ములు, గిటార్లు, అరుపులు, ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. బూడిదరంగు అట్టది రెండేళ్ళ తర్వాతది, అందులో వాళ్ళు ఉన్నట్టుండి నెమ్మదించారు, సగం చోట్ల వాయిద్యం ఉందో లేదో పట్టి పట్టి వినాలి. అన్న నల్లట్ట మనిషి, నేను బూడిదట్ట మనిషిని. అన్నది జోరు పార్టీ అనీ, నాది నాజూకు పార్టీ అనీ అంకులే పేర్లు పెట్టాడు. మా ఆయన ఆ కాలంలో గోడ మీద పిల్లి. ఈ వారం అటు, వచ్చే వారం ఇటు.

అన్న వాదన ఎప్పుడూ ఒక్కటే. “ఇంజను పోతాంటే కింద పట్టాలు అదురుతయ్ సూడు చెల్లే, పాటల గా దమ్ముండాలె. గీ సన్నసన్నగ గునుసుడు నాకొద్దు” అనేవాడు. జోరు ఎవడైనా చెయ్యగలడని, ఆపగలగడంలోనే పనితనమంతా ఉందని, రెండు దెబ్బల మధ్య వదిలిన చోటే అసలు పాట అని నేను బడిలో పాఠం చెప్పినట్టే చెప్పేదాన్ని. నల్ల రికార్డు రోజున అన్న అందరికన్నా ముందు తన సంగతి చెప్పేసేవాడు. బూడిద రికార్డు రోజున మాత్రం చివరిదాకా ఆగి, చెల్లె చెప్పిందే నాది గూడ అని నవ్వి చాయ్ పెట్టడానికి లేచేవాడు. పాట నడుస్తున్నంతసేపు నేల మీద కూర్చుని అరచెయ్యి ఆ పెట్టెకు ఆనించి ఉంచేవాడు. అదొక అలవాటని అనుకున్నాం.

గార్డు అంకుల్ రిటైరై బెంగుళూరు వెళ్ళిపోయే ముందు, ఆ రెండు రికార్డుల్లో ఒకటి కాజీపేటలోనే వదిలిపెడతాననీ, ఏ పార్టీ గెలిస్తే వాళ్ళదేననీ అన్నాడు. ఆఖరి ఆదివారం వాన పడుతోంది. ఎట్లాగైనా గెలవాలని నేను వారం రోజులుగా ఒక ఎత్తు వేసి పెట్టుకున్నాను. బూడిద రికార్డు మొదటివైపు చివర గిటారుతో సహా అన్నీ ఆగిపోతాయి, ఒక ఆడగొంతు మాత్రం మాటలు లేకుండా సన్నగా కూనిరాగం తీస్తుంది, పక్కగదిలో తల్లి బిడ్డను జోకొడుతున్నట్టు. ముల్లు సరిగ్గా అక్కడే దింపి, కాసేపుంచి, ఎత్తేసి, ఇప్పుడేం విన్నావో చెప్పమని అందరిముందూ అన్నను అడిగాను. ఆ ఒక్కసారి మొదటి వంతు అతనిదే చేశాను.

“ఏముందే, సన్నగ గిటారు గొడ్తాండు” అన్నాడు.

అందరం పడీ పడీ నవ్వాం. “చెవులల్ల బొగ్గు వోసుకున్నవా అన్నా?” అన్నాను నేను. అన్న మా అందరికన్నా గట్టిగా నవ్వి, రికార్డు తీసి తుడిచి, తనే నా చేతిలో పెట్టాడు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

ఆ నవ్వును అక్కడే వదిలినా సరిపోయేది. నేను దాన్ని బడిలో టీచర్లకు చెప్పాను, చర్చిలో స్త్రీల కూటంలో చెప్పాను, నల్లా దగ్గర నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళకు అన్న గొంతుతో సహా చేసి చూపించాను. నెల తిరిగేసరికి క్వార్టర్లన్నీ అన్నను బొగ్గుచెవుల ఫైర్‌మన్ అనడం మొదలుపెట్టాయి. అన్న దానికీ నవ్వేవాడు. ఆ ఏడే అన్నకు డ్రైవరు ప్రమోషను రావలసి ఉంది, దానికి ముందు మెడికల్. అంతకుముందు పరీక్షల్లో ఎట్లాగో గట్టెక్కినవాడే, ఈసారి మాత్రం చెవులు ఒకటికి రెండుసార్లు చూశారు. డ్రైవరును చేయకపోగా ఇంజను మీది నుంచే దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం వదిన వంటింట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. “రెండేండ్ల సంది మీ అన్నకు సన్నటి సప్పుడు ఇనొస్తలేదు. ఎవ్వరికి చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు. డ్రైవరైతే సాలు, అటెన్క దేవుడే సూస్తడన్నడు.”

నేను అభిరుచి అనుకున్నది అభిరుచి కాదు. ఆ పెట్టెలోంచి అన్నదాకా చేరగలిగింది ఆ జోరు ఒక్కటే. మిగతాది అరచేత్తో వెతుక్కుంటున్నాడు, అది కూడా దొరకని రోజున చాయ్ పెట్టడానికి లేస్తున్నాడు. నా ఎగతాళి ఆ పరీక్ష గదిదాకా పోయిందో, పోకపోయినా అట్లాగే జరిగేదో నాకు ఈనాటికీ తెలియదు. చెవి వినపడని మనిషి ఇంజను మీద ఉండడం తనకే కాదు, వెనక పెట్టెల్లో కూర్చున్నవాళ్ళకూ ముప్పే కనుక పైవాళ్ళు చేసింది తప్పని కూడా అనలేను. అవన్నీ తెలుసు. తెలిసినందువల్ల ఏమీ తేలికపడలేదు. అన్నను క్షమాపణ అడగలేదు, అన్న ఆ మాట ఎత్తలేదు. మరునాడు మామూలుగా లేచి, బొగ్గు మసి లేని చొక్కా వేసుకుని స్టోర్సుకు వెళ్ళాడు. ఆ చొక్కా చూస్తూ నిలబడ్డాను, ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు.

పెళ్ళయ్యాక నేను ఖిలా వరంగల్‌లోని అత్తవారింటికి వచ్చేశాను. ఎనభైలు వచ్చాయి, ఇంటింటికీ క్యాసెట్లు వచ్చాయి, మా ఆయన మాత్రం నా కోసం వెతికి పాత ప్లేయరు ఒకటి కొన్నారు. ఒక మధ్యాహ్నం అన్న కాజీపేట నుంచి బస్సులో వచ్చాడు. అప్పటికి ఎడమచెవి పూర్తిగా పోయింది, కుడిచెవి ఉన్నా లేనట్టే. చెప్పులు విడిచీ విడవకముందే ఆ బూడిదట్ట రికార్డు పెట్టమన్నాడు. ఎందుకన్నా అని సైగ చేశాను. “నువ్వు చెప్పుకుంట పో. నేను నీ మొఖం జూస్త” అన్నాడు.

పెట్టాను. ఎదురుగా కూర్చుని, పెదవులు విప్పి విప్పి ఒక్కొక్కటే చెప్పాను. ఇప్పుడు గిటారు, రెండే తీగలు. ఇప్పుడు డ్రమ్ము, కొట్టడం లేదు, మెల్లగా రుద్దుతున్నాడు. ఇప్పుడు గిటారు ఆగిపోయింది. ఇప్పుడామె మొదలుపెట్టింది. ఎట్ల అని అడిగాడు. ఎట్లాగో చెప్పలేక ఆ రాగం నేనే తీశాను. అతనికి వినపడాలని గొంతు పెంచాను, ఇంకా పెంచాను, పక్కింటావిడ తొంగిచూసేదాకా పెంచాను. అంత గట్టిగా తీస్తే అది ఇక ఆ రాగం కాదు. అన్న మాత్రం రెప్ప వేయకుండా చివరిదాకా నా మొహమే చూసి తల ఊపాడు.

“నువ్వన్నదే కరెక్టు చెల్లే. గిదే గొప్ప రికార్డు” అన్నాడు.

ఆ మాట అన్న నోట వినాలని ఎన్నాళ్ళో ఎదురుచూసినదాన్ని. విన్నాను, లోపల ఏదీ కదల్లేదు. నల్లట్టది కూడా గొప్పదే అన్నా అనవలసింది, కనీసం ఆ చెయ్యి పట్టుకోవలసింది. చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగి లోపలికి వెళ్ళాను.

ఇప్పుడు ఆ నలుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ రెండు రికార్డులేమిటి, లోకంలోని పాటలన్నీ ఫోనులో ఉన్నాయని మా అమ్మాయి చూపించింది. ఎవరి పాట వాళ్ళ చెవిలోనే మోగుతోంది, ఎవరూ ఎవరినీ ఏం విన్నావని అడగడం లేదు, పెళ్ళిలో ఆ ఇద్దరిలా ఎప్పుడో తప్ప ఏది గొప్పదని పోట్లాడుకోనక్కర్లేదు. అదీ ఒకందుకు మంచిదేనేమో, ఎవరికెంత వినపడుతోందో ఎవరికీ తెలియదు. నన్నెవరైనా అడిగితే మాత్రం ఈసారి జోరు పార్టీ తరఫున మాట్లాడదామని ఉంది. వాదన కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. అడిగేవాళ్ళే లేరు.