మూతా, పూతా?

షెడ్డులో ఆమెను అందరూ సైగలక్క అంటారు. మూగదేం కాదు. ఇంట్లో నోరు తెరిచిందంటే పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకోవాల్సిందే. కానీ మరమగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే గొంతుతో ఏం పని? పక్కమనిషి చెవిలో అరిచినా ఊపిరి తగులుతుంది గానీ మాట తగలదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు గొంతు మానేసి పెదవులతో మాట్లాడుకుంటారు. ఒకరు నోరు బార్లా తెరిచి అక్షరం అక్షరం చూపిస్తే, అవతలి మగ్గం దగ్గరున్నవాళ్ళు చూసి చదువుకుంటారు. అత్తల మీద చాడీలు, మొగుళ్ళ మీద విసుర్లు, మేస్త్రీ నడక మీద వేళాకోళాలు, అన్నీ చప్పుడు లేకుండానే నడిచిపోతాయి.

ఒక్కటే చిక్కు. ప, బ, మ మూడూ పెదవులు కలిపి విడదీసేవే. చూపుకి తేడా ఉండదు. ఒకసారి బాలింత ఒకామె "పాపకి పాలు పట్టాలి, తొందరగా పోవాలి" అంటే, రెండు మగ్గాల అవతలామె "మామకి పాలు పట్టాలి" అని చదివింది. "మామకి జోల కూడా పాడతావా తల్లీ?" అని ఆ వారమంతా నవ్వులే. అప్పటినుంచి మామ అనాలంటే మీసం మెలేసి చూపించడం, పాప అనాలంటే చేతులు ఊపడం అలవాటైంది.

పెళ్ళి కాకముందే చేరింది సైగలక్క ఆ షెడ్డులో. చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలీదు. ఓ రోజు కూతురు వచ్చి భుజం పట్టి ఊపి, "కుక్కర్ అన్నిసార్లు అరుస్తుంటే ఎలా కూర్చున్నావమ్మా!" అన్నప్పుడు తెలిసింది. మిల్లు డాక్టరు "వయసు" అన్నాడు. అప్పటికామెకి నలభై కూడా లేవు. చెవులు తినేసింది మగ్గమని డాక్టరుకీ తెలుసు. అతనికి జీతమిచ్చేది కూడా ఆ మగ్గమే.

తన చెల్లెల్ని కూడా ఆ షెడ్డులో పెట్టించింది సైగలక్కే. పోయిన వానాకాలంలో మగ్గం పక్కనుండే పళ్ళచక్రాల్లో చెల్లెలి కుడిచెయ్యి పడింది. మణికట్టు దాకా పోయింది. ఆ చక్రాల మీద ఉండాల్సిన ఇనపమూత లేదు. తుడవడం త్వరగా అయిపోతుందని ఆమే మూత తీసేసిందని మిల్లువాళ్ళు రాసుకున్నారు. మూత చాలా రోజులుగా లేదనీ, మగ్గం ఆపకుండా దారం సరిచెయ్యడానికి పైవాళ్ళే తీయించారనీ ఆమె మొత్తుకుంది. విచారణ పెట్టారు. తప్పు ఆమెదేనని తేలితే ఉద్యోగం పోతుంది, వైద్యమూ ఆగిపోతుంది.

ఇదిలా ఉండగా కూతురికి కాలేజీలో ఆఖరి ప్రాక్టికల్ వచ్చింది. వీడియో కోర్సు చదువుతోంది. ఒక పాప్ పాటకి వీడియో తియ్యాలి.

"దానికో పద్ధతుందమ్మా," అని తల్లి ముఖానికెదురుగా కూర్చుని చెప్పింది. "పాడేవాడు కెమెరా కళ్ళలోకి చూడాలి. ముఖం దగ్గరగా పడాలి. పెదవులు పాటతో కలవాలి. పాటలో డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా షాటు మారాలి. రంగులు కళ్ళు చెదిరేలా ఉండాలి. పద్ధతి తప్పితే మార్కులు కోసేస్తానన్నారు మేడం."

రంగులంటే కూతురికి మిల్లు వెనక రంగుల పెరడు గుర్తొచ్చింది. అద్దకం దారం ఆరేసి ఉంటుంది అక్కడ, వరసలు వరసలుగా. అక్కడ తీస్తానని అడగడానికి నోరు రాలేదు పిల్లకి. పిన్నే అంది: "పోయి తియ్యవే. నా చెయ్యి మింగిన చోటు నీకు మార్కులైనా కక్కనీ."

మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. "బాగా తియ్యండి పాపా. మిల్లు బోర్డు మాత్రం కనబడాలి."

సెలవునాడు తీశారు. పెద్ద స్పీకరు పెట్టి పాట హోరెత్తించారు. పాడే కుర్రాడు, స్నేహితులు పెట్టిన పేరు హీరో, ఆ పాటకి పెదవులాడిస్తూ గెంతాడు. ఇలాంటి వీడియోల్లో అక్కడి చప్పుడు ఉంచరు. తీసిందాని మీద అసలు పాట వేసేస్తారు. అందుకని కెమెరాలో చప్పుడు ఎక్కించనేలేదు. సైగలక్క తెల్లట్ట పట్టుకుని హీరో ముఖం మీదికి వెలుతురు తిప్పుతూ నిలబడింది. హీరో వెనక షెడ్డు తలుపు దగ్గర మేనేజరు, మేస్త్రీ నిలబడి చూశారు; ఆమె కళ్ళు మాత్రం వెలుతురు మీదే ఉన్నాయి. కాసేపటికి ఏదో మాట్లాడుకున్నారు. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

మర్నాడు మధ్యాహ్నం కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి తల్లి ముందు పెట్టింది. "వీడి పెదవులు పాటకి కలిశాయో లేదో చూసిపెట్టమ్మా. మాటలు నేను రాసిస్తా."

"కలవడమా? వీడు పాడట్లేదే, బబుల్‌గమ్ నములుతున్నాడు."

"అమ్మా!"

"ఇక్కడ చూడు. 'ప్రాణం' అనాల్సిన చోట నోరే తెరవలేదు. ప్రాణం పోయినట్టుంది."

కూతురు పకపకా నవ్వింది. సైగలక్క నవ్వుతూనే సగంలో ఆగిపోయింది. హీరో భుజం పక్కగా, వెనక, ఇద్దరు మనుషులు. ఒకడి నోరు స్పష్టంగా ఆడుతోంది.

"వెనక్కి పోనియ్."

"ఏమైంది?"

"పోనియ్ అంటున్నానా!"

మళ్ళీ చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. చివరికి మేనేజరు పెదవులతో పాటు తన పెదవులూ ఆడించింది. "మూత తియ్యమన్నది నేనే. ఆ సంగతి నీ నోట రాకూడదు."

కూతురు వీడియో ఆపేసింది. "ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే," అంది సైగలక్క. అనేశాక, ఆ మొదటి అక్షరం మీద మనసులో ముల్లొకటి గుచ్చుకుంది. కానీ అప్పటికే కూతురు పిన్నిని పిలవడానికి పరిగెత్తింది. మాట విన్న పిన్ని ఎడమచేత్తో అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు.

విచారణ గదిలో టేబులు వెనక అధికారి, ఒక పక్క మేనేజరు, మిల్లు వకీలు. వాళ్ళకి వకీలున్నాడు. చెయ్యి పోయినామెకి అక్కా, అక్క కూతురూ ఉన్నారు. ఇలాంటి గదుల్లో కుర్చీలు ఎప్పుడూ ఇలాగే సర్దుతారు.

వీడియో చూశాక వకీలు కూతుర్ని అడిగాడు. "దీన్లో చప్పుడేదమ్మా?"

"పాప్ వీడియోలో అక్కడి చప్పుడు ఉంచమండీ. పాటే పైన వేస్తాం."

"అంటే మా మేనేజరుగారి గొంతు లేదు. ఎవరూ వినలేదు."

"మా అమ్మ చదివింది."

వకీలు సైగలక్క వైపు తిరిగి, నిమ్మళంగా, ఆమెకి కనబడేలా మాట్లాడాడు. మంచివాడిలాగే మాట్లాడాడు. "చూడమ్మా, షెడ్డు గోడలకి పాత పూత గీకించి కొత్తది వేయించారు కదా?"

"వేయించారు."

"పైవాళ్ళని అడక్కుండా వేయించారు. అందుకని మా మేనేజరుగారు 'పూత తియ్యమన్నది నేనే' అన్నారు. నీకది మూత అని ఎలా తెలిసింది?"

మేనేజరు మీసం మెలెయ్యలేదు, చేతులు ఊపలేదు. పరాయివాళ్ళు సైగ చెయ్యరు.

"నాకు తెలుసు," అంది.

"సరే. నేను గొంతు లేకుండా ఒక మాట అంటాను. మూతో పూతో చెప్పు చాలు." వకీలు అధికారి చెవిలో ఏదో చెప్పి, ఇటు తిరిగి పెదవులు కలిపి విడదీశాడు.

చూపుకి రెండూ ఒకటేనని చెప్పాల్సింది. ఆమెకి అది తెలుసు. కానీ గోడవారన చెల్లెలు, పైటకొంగు చుట్టిన మొండిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తన నోరే చూస్తోంది. ఇన్నేళ్ళలో చూడని మాటని చూశానని ఎన్నడూ అనని మనిషి ఆ రోజు అంది.

"మూత."

అధికారి కళ్ళద్దాలు తీశాడు. "పూత అన్నారమ్మా."

మేనేజరు నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె చెవులు లాక్కున్నది మిల్లు. చెవులతో వినలేదు గనక సాక్ష్యం చెల్లదన్నదీ ఆ మిల్లే. ఈ మాట ఆ గదిలో ఎవరూ అనలేదు, అందుకే ఇక్కడ అనాల్సి వస్తోంది.

బయట మెట్ల మీద చెల్లెలు అడిగింది. "ఊహించి చెప్పావు కదూ అక్కా?"

"అవునే."

"నాకోసం ఒక్క అబద్ధమాడావు, అదీ సరిగ్గా తగల్లేదు." నవ్వబోయి ఏడ్చేసింది.

తప్పు ఆమెదేనని ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం పోయింది.

కూతురు వీడియో పూర్తిచేసింది. పాట నడుమ ఒకచోట హీరో ముఖం మెల్లగా మసకబారి, వెనకనున్న ఇద్దరూ స్పష్టంగా తేలతారు. దెబ్బలు పడుతూనే ఉంటాయి, షాటు మాత్రం మారదు.

"నా ముఖం అలికేశావేంటే!" అని హీరో గింజుకున్నాడు.

మేడం కూడా అడిగింది. "పాప్ పాటలో ఇంతసేపు ఒకే షాటా? ఆ ముసలాయన్ని ఎవరు చూస్తారమ్మా? చూసేవాడు లేచిపోతాడు. కోసెయ్."

"కొయ్యను మేడం."

"ఇన్నాళ్ళూ చెప్పిన పద్ధతంతా ఏమైంది?"

"మిగతా పాటంతా పద్ధతిగానే తీశాను మేడం."

అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. కాలేజీ హాల్లో వేసినప్పుడు ఆ షాటు దగ్గర జనం ఫోన్లు చూసుకున్నారు.

కూతురు తల్లి ఫోన్లో కూడా వేసిచ్చింది. భోజనాల వేళ షెడ్డు బయట గోడనీడన ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు. విచారణలో ఓడిపోయారని వాళ్ళకి తెలుసు. ఏ మాట దగ్గర ఓడారో సైగలక్క ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. ఆ రోజూ చెప్పలేదు. పాట మొదలైంది. హీరో గెంతుళ్ళకి నవ్వారు. మేనేజరు, మేస్త్రీ తేలగానే నవ్వులు ఆగాయి. ముందు కూర్చున్న పెద్దామె ఎడమచెయ్యి పిడికిలి పట్టి, దాని మీద కుడి అరచెయ్యి బోర్లించింది. షెడ్డులో మూత అనడానికి సైగ అది. ఆమె పక్కనున్నామె కూడా పిడికిలి మీద అరచెయ్యి బోర్లించింది. వెనకనున్నవాళ్ళు ముందువాళ్ళ చేతులు చూడలేదు, వీడియోనే చూశారు. వాళ్ళూ అరచేతులు బోర్లించారు.

ఇది సాక్ష్యం కాదు. వకీలు వస్తే వీళ్ళందర్నీ కూడా ఒక్క అక్షరంతో పడగొట్టేస్తాడు. పైగా మూత సంగతి వీళ్ళకి ముందే తెలుసంటాడు. నిజమే, తెలుసు. మూత లేని మగ్గాల దగ్గర పనిచేసేది వాళ్ళే మరి.

ఆ వారంలోనే షెడ్డులోకి ఫోన్లు తేకూడదని బోర్డు వేలాడింది. మేనేజరు లోపలికొస్తే ఇప్పుడు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. దూది దుమ్మట. ఇన్నేళ్ళూ అతనికి అంటని దుమ్ము.

చెల్లెలి మగ్గం మీద కొత్తగా చేరినామెని పెట్టారు. ఇద్దరు పిల్లల తల్లి. పళ్ళచక్రాల మీద ఇప్పటికీ మూత లేదు. ఆమె దారం సరిచెయ్యడానికి వంగినప్పుడల్లా సైగలక్క తన మగ్గం వదిలి అటు తిరిగి, నోరు బార్లా తెరిచి, "చెయ్యి దూరం! చెయ్యి దూరం!" అంటుంది. కొత్తామె తలెత్తి చూసి, మర్యాదగా నవ్వి, మళ్ళీ వంగుతుంది. ఆమెకింకా పెదవులు చదవడం రాలేదు.