మేకు కొట్టని మేస్త్రీ

మత్నియాజ్ మేస్త్రీ తన జన్మలో ఒక్క మేకు కూడా కొట్టలేదు. మా ఖీవా ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ ఆయనే చెప్పాడు. పెళ్లిళ్లలో చెప్పాడు, చావు ఇళ్లలో చెప్పాడు, నా రొట్టెల అంగడి ముందు వరసలో నిలబడి రోజూ చెప్పాడు.

"మేకు చేతగానివాడి పని, చెల్లీ. చెక్కసీలతో బిగిస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. మేకు దిగిందా, ఆ చెక్క పని అయిపోయినట్టే."

నేను తందూరులోకి వంగి రొట్టె అతికిస్తున్నా సరే, మొత్తం చెప్పేదాకా కదిలేవాడు కాదు. వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కునేవాళ్లు.

పనితనం మాత్రం ఉంది, కాదంటే కళ్లు పోతాయి. ఆయన చెక్కిన స్తంభం ఎదురుగా ఉంటే తినే ముద్ద నోటి దగ్గరే ఆగిపోతుంది. సొంత ఇంట్లో గోడ చెక్కలన్నీ సీలల మీదే నిలబెట్టాడు. బుద్ధి పుట్టినప్పుడల్లా విప్పి ఇంకోచోట బిగిస్తాడు. ఒకసారి భార్య అనాజాన్ కూర కలుపుతుండగానే ఆమె వంటగది పడకగది అయింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గరిటె పట్టుకుని వెళ్లి పుట్టింట్లో పది రోజులు కూర్చుంది.

మా పేటకు చావడి లేదు. పెళ్లయినా, చావయినా, పేట మాటలైనా ఎవరో ఒకరి వాకిట్లో ఇరుక్కుని కానిచ్చేవాళ్లం. నా అంగడి పక్క ఖాళీ స్థలం పేటకు వచ్చినప్పుడు కట్టే పని మత్నియాజ్ మీద పడింది. పడిందంటే, ఆయనే లాక్కున్నాడు.

పేట పెద్ద జుమానజర్ ముందు కాగితం పరిచి వివరించాడు. మధ్యలో మా ఖీవా ఇళ్లలోలాగే ఒకే ఒక్క ఎత్తు స్తంభం, దాని మీద వసారా, నాలుగు వైపులా విప్పుకునే చెక్క గోడలు.

"పెళ్లికి అన్నీ విప్పేస్తాం. చావుకు మధ్యలో ఒక వరస చెక్కలు కట్టి ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరు చేస్తాం. చలికాలం అన్నీ మూసి మందపాటి ఉన్ని పరదాలు కడతాం. పొద్దున పెళ్లి, సాయంత్రం మీటింగు."

"మా ఆవిడ నన్ను గెంటేసిన రోజు పడుకోడానికి ఓ మూల కూడా కట్టు," అన్నాడు జుమానజర్.

మత్నియాజ్ నవ్వలేదు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. మాలో మగవాడికి అరవైమూడేళ్లు వస్తే ప్రవక్త ఈడు వచ్చిందని విందు చేస్తారు. పేటంతా వచ్చి పలావు తింటుంది, పేట పెద్ద అతని భుజాల మీద చపాన్, అంటే దూది కుట్టిన పొడుగు అంగీ, కప్పుతాడు.

"నా విందు ఈ చావడిలోనే. భోజనం అయ్యేదాకా జనం కదలకుండా కూర్చుంటేనే ఆ చపాన్ తొడుక్కుంటా. కదిలారా, నేను మేస్త్రీనే కాదు."

ఇంతలో నగర కార్యాలయం నుంచి టై కట్టుకున్న ఆసామి ఒకడు దిగాడు. వసారాను దక్షిణానికి తిప్పమన్నాడు. రోడ్డు అటే ఉంది, బస్సుల్లోంచి ఫోటోలు బాగా వస్తాయట.

వసారా ఉత్తరానికే తెరుచుకోవాలి, గాలి అటునుంచే వస్తుంది అని నలభై ఏళ్లుగా మా బుర్రలు తిన్నవాడు మత్నియాజ్. ఫోటో అనే మాట వినగానే మీసం సవరించుకున్నాడు. నేను ఊరుకుంటానా?

"ఉత్తరం గాలి ఏమైంది అన్నా?"

"కాలం మారింది చెల్లీ. అయినా ఉత్తరాన నీ తందూరు ఉంది. ఫోటోలో పొగ పడితే ఏం బాగుంటుంది?"

"పొగ పనికిరాదు గానీ రొట్టె పనికొస్తుందా?"

ఉత్తరం గోడ మూసేశాడు. మూసిన రెండు రోజులూ గోడకు అటుపక్క నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. సీల కొట్టే చప్పుడు మెత్తగా ఉంటుంది, ఇది ఖంగుమంది. వెళ్లి చూస్తే నా వైపు మేకు మొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి. లెక్కపెట్టాను, పద్దెనిమిది. ఆ గోడ ఇక ఎప్పటికీ విప్పే పని లేదనుకున్నట్టున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అది నా మంచితనం అనుకోకండి, అదును కోసం ఆగాను.

విందు నడి వేసవిలో వచ్చింది. పలావు విందంటే మాకు తెల్లవారుజామునే. ఫోటోల వాళ్లు అంత పొద్దున లేవరని మత్నియాజ్ మధ్యాహ్నానికి పెట్టాడు. రోడ్డు సెగ లోపలికి కొడుతోంది, గాలి రావడానికి దారి లేదు. మూడొందల మంది చెమటలు కక్కుతూ స్తంభాన్ని మెచ్చుకున్నారు.

ముందు జుమానజర్ లేచాడు, నడుం పట్టేసిందని. తర్వాత ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత పళ్లేలు కూడా నడిచాయి. అందరూ చావడి వెనక, నా సందులో, గోడ నీడన చేరారు. పొద్దుటి రొట్టెలయ్యి తందూరు చల్లారింది, ఉత్తరం గాలి హాయిగా వీస్తోంది. టై ఆసామి అందరికంటే పెద్ద మాంసం ముక్క పట్టుకుని మరీ వచ్చాడు.

లోపల మత్నియాజ్ ఒక్కడే మిగిలాడు, మడతపెట్టిన చపాన్ పక్కన. కాసేపటికి చుట్టూ తిరిగి సందులోకి వచ్చాడు.

"చావడి అటుంది," అన్నాడు.

"తెలుసురా," అన్నాడు జుమానజర్. "నువ్వు చెప్పిందే చేశాం. ఉత్తరం గాలి ఉన్నచోటే కూర్చోమన్నావుగా."

జనం నవ్వారు. నా అదును వచ్చింది.

"గోడ విప్పెయ్యి అన్నా. సీలలేగా, రెండు నిమిషాల పని."

ఆయన నా మొహం చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది. చెక్క ఉబ్బిందనో, రేపు చూద్దామనో అనొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. అయినా అంగడిలోకెళ్లి మేకులు పీకే పట్టకారు తెచ్చి చేతిలో పెట్టాను.

తీసుకున్నాడు. చావడిలోకి వెళ్లి ఒక్కో మేకు పీకాడు. ప్రతి మేకూ కీచుమంటూ పేటంతటికీ వినపడేలా వచ్చింది. నమలడం కూడా ఆపి విన్నారు జనం. గోడ దిగింది, గాలి చావడిలోంచి రోడ్డు దాకా దూసుకుపోయింది. అప్పుడు కనపడింది స్తంభం వెనక వైపు. రోడ్డు వైపు తీగలు, పూలు, చుక్కలు. మా వైపు బోడి మాను. పైన పటారం, లోన లొటారం.

పళ్లేలతో అందరూ మళ్లీ లోపలికి వెళ్లారు, పొద్దుగూకేదాకా కూర్చున్నారు. జుమానజర్ చపాన్ కప్పబోతే మత్నియాజ్ వెనక్కి జరిగాడు.

"మీరు కదిలారు. ఒట్టు ఒట్టే. ఆ వెనక వైపు చెక్కడం పూర్తయ్యాక చూద్దాం."

రెండేళ్లు చెక్కాడు. నా తందూరు పొగలో, దగ్గుకుంటూ. అయ్యాక చపాన్ తొడుక్కున్నాడు, ఎండలో కూడా విప్పలేదు. ఇప్పుడు ఆ చావడిలో పెళ్లిళ్లూ చావులూ అన్నీ ఉత్తరానికి తెరుచుకునే జరుగుతాయి. ఆడవాళ్లం తందూరు వైపు, గాలి తగిలే చోట కూర్చుంటాం.

మత్నియాజ్ ఇంకా నా అంగడి ముందు వరసలో నిలబడి చెబుతూనే ఉన్నాడు. మాట మాత్రం మార్చాడు.

"నా జన్మలో పద్దెనిమిదే మేకులు కొట్టాను. పద్దెనిమిదీ నేనే పీకాను."

పీకినవి పదిహేడు. ఒకటి తల తెగి గోడ బిగించిన చట్రంలోనే ఉండిపోయింది, నా వైపు మొన బయటికి ఉంది. ఆయన రొట్టె అందుకునేటప్పుడు దాని వంక చూడడు. నేను రోజూ రొట్టెల గుడ్డ దానికే తగిలిస్తాను.