పుట్టకొక్కు, పికిలిపిట్ట, మా మేనత్త

సకల జనులకూ ఇందుమూలంగా తెలియజేసేదేమంటే: పుట్టకొక్కు, అనగా పుట్టగొడుగు, గొప్పదా, పికిలిపిట్ట గొప్పదా అని మెట్‌పల్లిలో మా మేనత్త వాకిట్లో ఏళ్లతరబడి నడిచిన వ్యాజ్యం కొట్టివేయబడింది. కొక్కు తరఫున వాదించే మేనత్త మొన్న ముసుర్లో కన్నుమూసింది. పిట్ట తరఫు వకీలును నేనే. గెలిచానట. ఎవడిక్కావాలి ఆ గెలుపు?

ఆమెను ఉడికించడానికే నేను పిట్ట పక్షం పట్టాను. అత్త రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేది. ఆరేసిన నూలులోంచి పికిలిపిట్ట పోగులు లాగి గూటికి పట్టుకుపోయేది.

"ఎంత మంచిగ పాడుతుందో సూడత్తా!"

"పాడుతది, పోగు గుంజుకపోతది. కొక్కు సప్పుడు లేకుంట మొలుస్తది, కడుపు నింపుతది. నీకేమెరుకరా, పనిలేనోడా!"

ఆమెకు ఎరుకే. రజాకార్ల భయానికి గుట్టల్లో దాక్కున్నప్పుడు చెదపుట్టల మీది కొక్కులు ఏరి, ఉప్పైనా లేకుండా ఉడికించి కొడుకును బతికించుకుంది. మిగిలింది, వెంట ఉన్న నా దోసిట్లో పోసింది. తను తినలేదు.

ఆ కొడుకు పెద్దవాడై, తీయని గొంతుతో కొండగట్టు మీద భజనలు పాడి పేరు తెచ్చుకున్నాడు. మెడలో తులసిమాల పడ్డాక కొక్కులు నీచన్నాడు, గడప దాటనివ్వలేదు. మంచం పట్టిన తల్లి "కొక్కుల కూర ఒక్క ముద్ద పెట్టు బిడ్డా" అంటే తాళం వేసే చిరుతలు సర్దుకుని భజనకు పోయాడు. కోడలు ఈ సంగతి నాకు చెప్పేసరికి అత్త పాడె మీద ఉంది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే కోరిక తీరలేదని అర్థం. వాడు గారెలు, పాయసం పెట్టించాడు. కాకి వాలలేదు. నేను కొక్కుల కూర వండి తీసుకుపోయాను.

"బావా, గది నీచు. నలుగుర్ల నా ఇజ్జత్ తియ్యకు."

"నీ ఇజ్జత్ కాకి గూడ ముడుతలేదు గదరా. జర పక్కకు జరుగు."

జరిగాడు. కూర వడ్డించి దూరంగా నిలబడ్డాం. ముళ్లకంప మీంచి ఒక పికిలిపిట్ట దిగి, కొక్కు ముక్క ముక్కున కరుచుకుని పోయింది.

అది నా కల్పన. అత్తకు అంతమాత్రమైనా జరగాలనిపించి రాశాను. ఏ పిట్టా రాలేదు. చూసి చూసి, ఆకలికి ఆగలేక అందరూ భోజనాలకు లేచారు. సన్నగా వాన మొదలైంది. కూరలోని పసుపు విస్తరి అంచు దాటి మట్టిలోకి కారుతోంది.